ఖాళీ గడుల్లోని రాయి

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర మెట్రో దిగి ఫిల్మ్‌నగర్ వైపు ఆటో ఎక్కితే, ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకి ఆటోవాళ్ళు హీరోల ఇళ్ళు చూపిస్తారు. ‘ఆ గేటు ఫలానా ఆయనది, ఈ గోడ ఫలానా ప్రొడ్యూసర్‌ది’ అని. ఆరేళ్ళ క్రితం నేనూ మెడ తిప్పి తిప్పి చూశాను. ఇప్పుడు అదే దారిలో పోతుంటే నా కళ్ళు గేట్ల మీద ఆగవు. వాటి పక్కన నీలం రేకులు కట్టిన స్థలాల మీద ఆగుతాయి. ఆ రేకుల వెనక ముప్ఫై నలభై అడుగుల గోతులుంటాయి. గోతి అంచున ఎవరిదో ప్రహరీ గోడ ఉంటుంది. గోడ వెనక ఎవరో పొయ్యి మీద అన్నం పెట్టి ఉంటారు.

ఈ పిచ్చి నాకు ఎలా పట్టిందో చెప్తాను.

చదివింది సివిల్ ఇంజినీరింగ్, చేస్తున్నది సాఫ్ట్‌వేర్. మా బ్యాచ్‌లో చాలామంది కథ ఇదే కాబట్టి దీని గురించి కొత్తగా బాధపడేదేం లేదు. ఫైనలియర్‌లో రాక్ మెకానిక్స్ అని ఒక సబ్జెక్టు ఉండేది. ఎలాగో గట్టెక్కి, పరీక్ష రాసిన సాయంత్రమే మర్చిపోయాను. ఫిల్మ్‌నగర్‌లో గుట్ట వాలు మీద, మెట్లెక్కి పోయే సందులో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుంటున్నాను. మా వంటగదిలో ఒక మూల గోడ లేదు. అక్కడ బండే గోడ. ఇల్లు కట్టినప్పుడు దాన్ని పగలగొట్టలేక అలాగే కలిపేసుకున్నారట. ఎండాకాలం దానికి వీపు ఆనిస్తే చల్లగా ఉంటుంది.

రెండేళ్ళ కిందట జూలైలో ఒక రాత్రంతా వాన. తెల్లవారుజామున నాలుగింటికి లారీ నుంచి కంకర దించినట్టు పెద్ద చప్పుడు. బయటికొచ్చి చూస్తే, వెనక సందులో సెల్లార్ కోసం తవ్విన గోతిలోకి ఒక ఇంటి ప్రహరీ గోడ దిగిపోయింది. దాంతోపాటు ఒక స్కూటీ, తులసికోట, పది అడుగుల వెడల్పున నేల. మనుషులకి ఏమీ కాలేదు. ఆ ఇంటావిడ మాత్రం గుమ్మంలో కూర్చుని, గోతి వైపు చూస్తూ, అరగంట సేపు ఒక్క మాట మాట్లాడలేదు.

నాకు తెలిసినవాళ్ళలో ఇలాంటివి అర్థమయ్యే మనిషి ఒక్కడే. కాలేజీలో నాకు మూడేళ్ళ సీనియర్, నల్గొండ అన్న. మట్టి, రాయి పరీక్షలు చేసే ఒక చిన్న కన్సల్టెన్సీలో పని చేస్తాడు. ఫోన్ చేస్తే ఏడింటికల్లా బండేసుకుని వచ్చాడు. అంచుకి దూరంగా నిలబడి చాలాసేపు చూశాడు.

“ఆ బండ చూడు రా. ఏడన్నా విరిగిందా?”

చూశాను. గోతి అడుగున మినీ లారీ అంత బండ కూర్చుని ఉంది. అంచులు ఎక్కడా చెదరలేదు. అది వదిలి వచ్చిన చోట, పైన, బల్లపరుపుగా ఒక తలం కనిపిస్తోంది. గోతి వైపుకి వాలి ఉంది. దాని మీద పసుపు గోధుమ రంగులో బంకమట్టి పూత, దాని మీద నుంచి కారుతున్న నీళ్ళు.

“ఇది విరగలే. జారింది,” అన్నాడు అన్న. “రాయి బలం ఎంత అని టెస్టులు చేసే ఉంటరు. బలం బానే వచ్చుంటది. అడగాల్సింది వేరే ఉండె.”

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి నేనొక వెధవ పని చేయాల్సి వచ్చింది. దాని దగ్గరికొస్తాను. ముందు మన రాయి సంగతి.

హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోపల కిలోమీటర్ల లోతున శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గడ్డకట్టింది. కోట్ల ఏళ్ళలో పైనున్న పొరలు కోతకి పోతుంటే, మీద బరువు తగ్గి, ఈ రాయి ఒళ్ళు విరుచుకున్నట్టు పగిలింది. నేలకి దాదాపు సమాంతరంగా ఉల్లిపొరల్లాంటి పగుళ్ళు కొన్ని, నిలువుగా రెండు మూడు దిక్కుల్లో ఇంకొన్ని. ఆ పగుళ్ళలోకి నీళ్ళు దిగాయి. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్‌ని నీళ్ళు మెల్లగా బంకమట్టిగా మార్చేస్తాయి. రాతి దిమ్మ మూలలకి రెండు మూడు వైపుల నుంచి తడి తగులుతుంది కాబట్టి ముందు మూలలే కరుగుతాయి. చివరికి మధ్యలో గట్టి గుండు, చుట్టూ మొరం. మొరం వానలకి కొట్టుకుపోతే మిగిలేది మనకి తెలిసిన దృశ్యం, గుండు మీద గుండు, ఎవరో పేర్చినట్టు.

మద్రాసు నుంచి సినిమా పరిశ్రమ ఇటు రావడం మొదలైనప్పుడు ఇక్కడంతా ఈ గుట్టలే. అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో వెలిసింది ఇలాంటి రాళ్ళ మధ్యే. ఇప్పుడు గుట్టలు పోయి ఇళ్ళు మిగిలాయి. నగరంలో వారసత్వ శిలలుగా రక్షణ జాబితాలోకి ఎక్కిన తొమ్మిదింటిలో ఫిల్మ్‌నగర్ దగ్గరి మాన్‌స్టర్ రాక్, జూబ్లీహిల్స్‌లోని ఒబెలిస్క్, క్లిఫ్ రాక్, బ్లూక్రాస్ పక్కనున్న టోడ్‌స్టూల్ ఉన్నాయి. 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు వీటి కోసం తిరుగుతూనే ఉన్నారు. ఆ కథ వేరే రాయాలి.

పైన కనిపించే గుండ్ల సంగతి సరే. మొరంలో ఇంకా పాతుకుని ఉన్న గుండ్లతోనే ఇంజినీర్లకి చిక్కు. బోరు వేస్తుంటే ఇరవై అడుగుల లోతులో గట్టి రాయి తగిలిందనుకోండి. అది అసలు బండా, లేక మట్టిలో మునిగిన గుండా? రెండు మూడు అడుగులు దిగి ‘రాయి వచ్చింది’ అని మిషన్ ఆపేస్తే, ఆ రాయి కింద మళ్ళీ మొరం ఉండొచ్చు. అందుకే రాయి తగిలాక కూడా ఇంకొన్ని మీటర్లు దిగి చూడాలి. డబ్బు మిగుల్చుకునేవాళ్ళు ముందు కోసేది సరిగ్గా ఆ మీటర్లనే.

గోడ కూలిన మరుసటి నెల, అన్న నాకొక ఎక్సెల్ షీట్ పంపాడు. మా గుట్టకి ఆ పక్కన, జూబ్లీహిల్స్‌లో మూడు సెల్లార్ల భవనం రాబోతోంది. ఆ స్థలానికి తూర్పు అంచున వరసగా చిన్న ఇళ్ళున్నాయి. ఆ స్థలంలో వేసిన బోర్ల నుంచి తీసిన రాతి నమూనాల ఫలితాలు షీట్‌లో ఉన్నాయి. “నువ్వు కోడింగ్ చేస్తవ్ కదా, దీనికి ఒక స్క్రిప్ట్ రాసియ్యి. ప్రతిసారీ చేత్తో గీతలు గీయలేక సస్తున్న,” అన్నాడు.

రాయి బలాన్ని ఎలా కొలుస్తారో ఒక్క ముక్కలో చెప్తాను. వజ్రపు పళ్ళున్న గొట్టంతో బోరు వేస్తే లోపలి నుంచి గుండ్రటి రాతి కడ్డీ బయటికొస్తుంది. దాన్ని కోర్ అంటారు. మామూలుగా వాడే సైజు దాదాపు 54 మిల్లీమీటర్ల వ్యాసం, అంటే మన చేతికి సరిగ్గా పట్టేంత. దాని నుంచి, వ్యాసానికి కనీసం రెండింతల పొడవున్న ముక్క కోసి, రెండు చివరలూ నున్నగా అరగదీసి, ప్రెస్‌లో నిలబెట్టి నొక్కుతారు. మంచి గ్రానైట్ అయితే 120 మెగాపాస్కల్ దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, తట్టుకుంటుంది. అంటే ఆ చిన్న ముక్క మీద 28 టన్నుల బరువు. మన అపార్ట్‌మెంట్ పిల్లర్లలో వేసే ఎం30 కాంక్రీట్ బలం 30 మెగాపాస్కల్ అని గుర్తుపెట్టుకుంటే ఈ రాయి ఏ పాటిదో తెలుస్తుంది. పగిలేటప్పుడు లక్ష్మీబాంబు పేలినట్టు పేలుతుంది. నేను చూసిన రోజు రెండు అడుగులు వెనక్కి గెంతాను. అన్న నవ్వాడు.

కానీ భూమిలో ఉన్న రాయిని పైనుంచి మాత్రమే నొక్కరు, చుట్టుపక్కల రాయి కూడా ఒత్తుతూ ఉంటుంది. ఆ పక్క ఒత్తిడి కొంచెమున్నా బలం విపరీతంగా పెరుగుతుంది. దీన్ని కొలవడానికి ట్రయాక్సియల్ పరీక్ష ఉంది. నమూనా చుట్టూ నూనెతో ఒత్తిడి పెట్టి, పైనుంచి నొక్కుతారు. ఒక్కో పక్క ఒత్తిడికి ఒక్కో ఫలితం వస్తుంది. ఆ చుక్కల గుండా ఒక వంపు గీత గీయడమే మోడలింగ్.

ఆ గీతకి ప్రపంచమంతా వాడే సూత్రాన్ని ఎవర్ట్ హోక్, టెడ్ బ్రౌన్ అనే ఇద్దరు 1980లో ఇచ్చారు. నాకు ముచ్చటేసిన సంగతి ఏంటంటే, ఆ సూత్రం ఏ భౌతికశాస్త్ర నియమం నుంచీ పుట్టలేదు. వేసి చూసి, తీసి చూసి, డేటాకి నప్పే రూపాన్ని పట్టుకున్నారు. దాచుకోకుండా ఆ మాట వాళ్ళే చెప్పారు. ఇవాళ మెషీన్ లెర్నింగ్ అని మేం చేసేది ఇంతకన్నా గొప్పదేం కాదు, కాకపోతే మేం అంత నిజాయితీగా చెప్పం. పగుళ్ళు లేని రాయికైతే దీన్ని సరళరేఖగా మార్చుకోవచ్చు. పై ఒత్తిడికీ పక్క ఒత్తిడికీ ఉన్న తేడాని వర్గం చేసి, పక్క ఒత్తిడి మీద గీస్తే చుక్కలు ఒక తిన్నని గీత మీదికొస్తాయి. ఆ గీత మొదలయ్యే చోటి విలువకి వర్గమూలం తీస్తే రాయి బలం. గీత వాలుని ఆ బలంతో భాగిస్తే ‘ఎం’ అనే ఇంకో సంఖ్య. గ్రానైట్‌కి అది 30కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. లెక్క వేసి చూడండి. బలం 120, ఎం 30 అయితే, పక్క నుంచి 10 మెగాపాస్కల్ ఒత్తిడి పెట్టగానే రాయి తట్టుకునేది 234కి చేరుతుంది. పక్క నుంచి పట్టుకున్న రాయి దాదాపు రెట్టింపు. గోతి తవ్వడం అంటే సరిగ్గా ఆ పట్టు తీసేయడమే.

స్క్రిప్ట్ రాయడానికి నాకు ఒక శనివారం పట్టింది. గీత చక్కగా కుదిరింది. సగటు బలం 112 మెగాపాస్కల్. గ్రాఫ్‌కి రంగులేసి, సాయంత్రం అన్నకి పంపి, మెచ్చుకుంటాడని ఫోన్ పట్టుకు కూర్చున్నాను.

“షీట్‌ల 64 వరసలున్నయ్. నీ గ్రాఫ్‌ల 41 చుక్కలే ఉన్నయ్. మిగతా 23 ఏడబోయినయ్?”

“అవి ఖాళీగా ఉన్నాయన్నా, బలం గడిలో ఏమీ లేదు. తీసేశా.”

మా వృత్తిలో ఇది ఊపిరి తీసుకున్నంత సహజం. డేటా వచ్చిన వెంటనే ఖాళీ వరసలు పీకేసే ఒక లైన్ రాస్తాం. ఎందుకు ఖాళీ అని ఎవరూ అడగరు. సర్వర్ పడిపోయి ఉంటుంది, ఎవడో నింపడం మర్చిపోయి ఉంటాడు, అంతే.

అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “రేపు ఆదివారమే కదా, షెడ్డుకి రా,” అన్నాడు.

షెడ్డంటే కోర్ పెట్టెలు పెట్టే చోటు. చెక్క పెట్టెల్లో, గాడుల్లో, లోతు ప్రకారం రాతి కడ్డీలు వరసగా పడుకోబెట్టి ఉంటాయి. అన్న ఒక పెట్టె లాగి నా ముందు పెట్టాడు. పైన నాలుగు నున్నటి కడ్డీలు. వాటి కింద అరచేతి పొడవు గాడిలో చిన్న చిన్న పెంకులు, గోధుమరంగు పొడి. ఆ తర్వాత అసలేమీ లేదు, ‘కోర్ రాలేదు’ అని రాసిన చెక్క ముక్క ఒక్కటే. తర్వాత మళ్ళీ నున్నటి కడ్డీలు.

“గీ పొడిని ప్రెస్‌ల ఎట్ల నిలబెడ్తవ్? నిలబెట్టలేం కాబట్టి టెస్ట్ లేదు. టెస్ట్ లేదు కాబట్టి గడి ఖాళీ. గడి ఖాళీ అంటే సమాచారం లేదని కాదు తమ్మీ. అదే అసలు సమాచారం.”

నిజం చెప్తున్నాను, నాకు చెవులు వేడెక్కాయి. నేను పీకేసింది చెడ్డ డేటాని కాదు, చెడ్డ రాయిని. పరీక్షకి నిలబడగలిగినంత గట్టి రాయిని మాత్రమే లెక్కలోకి తీసుకుని, ‘ఇక్కడి రాయి చాలా గట్టిది’ అని రంగుల గ్రాఫ్ వేశాను.

ఇంటికొచ్చి ఆ పాత సబ్జెక్టు పుస్తకం మళ్ళీ తెరిచాను. రాతి నాణ్యత చెప్పడానికి 1960లలో డాన్ డీర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఒక సులువైన కొలత పెట్టాడు, ఆర్‌క్యూడీ అని. బోరు నుంచి వచ్చిన కోర్‌లో 10 సెంటీమీటర్లు, అంతకు మించిన ముక్కల పొడవులన్నీ కలిపి, మొత్తం తవ్విన పొడవుతో భాగించాలి. ఒకటిన్నర మీటరు తవ్వితే 32, 21, 14, 11 సెంటీమీటర్ల ముక్కలు వచ్చి, మిగతాదంతా చిల్లర అయితే, 78ని 150తో భాగిస్తే 52 శాతం. ఇప్పుడు చూడండి. పరీక్షకి కావలసిన ముక్క 54 మిల్లీమీటర్ల వ్యాసానికి రెండింతలు, అంటే కనీసం 11 సెంటీమీటర్లు ఉండాలి. అంటే ఆర్‌క్యూడీ ‘మంచి ముక్క’ అని లెక్కపెట్టేదీ, ప్రెస్‌లోకి వెళ్ళగలిగేదీ దాదాపు ఒకటే. ఆర్‌క్యూడీ 52 అంటే ఆ రాయిలో సగం ఎప్పటికీ ప్రెస్ ముఖం చూడదు. రెండు కొలతలూ ఒకే రిపోర్టులో, ఒకే పేజీలో పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద రెండోది ఎలా ఆధారపడి ఉందో నాకు ఆ రాత్రి దాకా తట్టలేదు.

దీనికి మందు లేదని కాదు. రెండు కోన్ మొనల మధ్య రాతి ముక్కని పెట్టి నొక్కే పాయింట్ లోడ్ పరీక్ష ఒకటుంది. దానికి ముక్క నున్నగా ఉండక్కర్లేదు, వంకర పెంకులైనా పర్లేదు. వచ్చిన సూచికని 50 మిల్లీమీటర్ల సైజుకి సరిచేసి, సుమారు 22 నుంచి 24తో గుణిస్తే బలం అంచనా వస్తుంది. ఖచ్చితత్వం తక్కువే. కానీ ప్రెస్‌లోకి రాలేని రాయి కూడా లెక్కలోకి వస్తుంది. అన్న తన షెడ్డులోని పెంకులన్నీ మళ్ళీ పట్టి ఆ పరీక్షలు చేయించాడు. నేను ఆ 23 వరసల్ని వాటి లోతుల ప్రకారం విడిగా గీసి చూశాను.

చూసి చాలాసేపు కదల్లేదు. 23లో 17 ఒకే పట్టీలో పడ్డాయి. 5 నుంచి 8 మీటర్ల లోతు. మూడు బోర్లలో. ఆ మూడు బోర్లూ తూర్పు అంచున ఉన్నవే. చిన్న ఇళ్ళున్న వైపు.

పైనా కిందా గట్టి రాయి, మధ్యలో కుళ్ళిన పొర. మొత్తానికి ఒకటే సగటు వేస్తే అది కనపడదు, పైగా 112 అనే అందమైన అంకె కింద దాక్కుంటుంది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ‘బలహీనమైన పొర దొరికింది, మోడల్‌లో పెట్టాను, శుభం.’ కానీ పగుళ్ళ సంగతి ఇంకా మిగిలే ఉంది. చేతిలో పట్టే ముక్క బలం వేరు, గుట్ట బలం వేరు. హోక్ దీనికోసం 1994లో జీఎస్‌ఐ అనే సూచిక తెచ్చాడు. పగుళ్ళు ఎంత దగ్గరగా ఉన్నాయి, వాటి ముఖాలు ఎలా ఉన్నాయి అని కంటితో చూసి, వందకి లోపు మార్కులేయాలి. 120 మెగాపాస్కల్ రాయికి జీఎస్‌ఐ 50 అనుకుని 2002 నాటి సూత్రంలో వేస్తే, గుట్ట బలం 7.2 మెగాపాస్కల్‌కి పడిపోతుంది. పదహారో వంతు. ఇంకా ఉంది. అదే సూత్రంలో ‘డి’ అని ఇంకో అంకె, తవ్వేటప్పుడు రాయిని ఎంత గాయపరిచామో చెప్పేది. జాగ్రత్తగా తవ్వితే సున్నా, అడ్డగోలుగా బ్లాస్టింగ్ చేస్తే ఒకటి. సున్నా బదులు ఒకటి పెట్టి చూశాను. 7.2 కాస్తా 1.8 అయింది. అదే రాయి, అవే పగుళ్ళు, డిటోనేటర్ పట్టుకున్నవాడి తొందర ఒక్కటే తేడా. అయితే ఆ ‘డి’ బ్లాస్టింగ్‌కి దెబ్బతిన్న అంచు పొరకే వర్తిస్తుంది, గుట్ట మొత్తానికి కాదు. మొత్తానికి పెట్టేస్తే అనవసరంగా భయపడ్డట్టే.

మన దేశంలోనూ దీని మీద గట్టి పనే జరిగింది. ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్ టి. రామమూర్తి, ఆయన శిష్యులు పగుళ్ళున్న రాయి బలాన్ని కొలవడానికి ‘జాయింట్ ఫ్యాక్టర్’ అనే పద్ధతి తయారుచేశారు. మీటరుకి ఎన్ని పగుళ్ళు, అవి ఏ కోణంలో వాలాయి, పగులు ముఖం ఎంత గరుకు, ఈ మూడూ కలిపి ఒక అంకె. అది 200 వస్తే పగుళ్ళున్న రాయికి మిగిలేది అసలు బలంలో ఐదో వంతు. ఈ ప్రయోగాల్లో ఇసుకరాయితో పాటు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ దిమ్మలు కూడా వాడారని చదివి నవ్వొచ్చింది. మా సందులో సినిమా సెట్ల పని చేసే ఒకాయన ఉన్నాడు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో గుట్టలు, గుహలు పోస్తాడు. ఆయన పోసే బండ హీరో గుద్దితే విరగాలి, వీళ్ళు పోసే బండ ఎందుకు విరిగిందో చెప్పాలి. సామాను ఒకటే.

పగుళ్ళని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో ప్రపంచం 1959లో చూసింది. ఫ్రాన్స్‌లో మాల్పాసే అనే ఆనకట్ట డిసెంబర్ 2 రాత్రి తెగిపోయి 420 మందికి పైగా చనిపోయారు. కాంక్రీట్‌లో లోపం లేదు. గట్టు ఆనుకున్న కొండరాయిలోని పగుళ్ళలోకి నీటి ఒత్తిడి చేరి, ఒక దిమ్మ మొత్తంగా కదిలింది. రాయిని చదవడం ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలబడింది ఆ తర్వాతే. 1962లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. అంత దూరం ఎందుకు, 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలి 8 మంది చిక్కుకున్నారు. ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. ఆ వారాల్లో టీవీ ముందు కూర్చున్న ప్రతి తెలుగు ఇల్లూ నీళ్ళు, బురద, వదులు రాయి అనే మాటలు విన్నది.

నా స్క్రిప్ట్‌ని సరిచేశాక, గర్వంగానే, అన్నని అడిగాను. “ఇప్పుడు గుట్ట మొత్తానికి బలం వచ్చేసింది కదన్నా, ఇంక గోతికి ఢోకా లేనట్టేనా?”

“ఆ రోజు మీ వెనక సందుల జారిన బండకి నీ మోడల్ ఏం చెప్తది?”

ఏమీ చెప్పదు. హోక్ సూత్రం చిన్న చిన్న పగుళ్ళు అన్ని దిక్కుల్లోనూ దండిగా ఉన్న గుట్టకి. ముప్ఫై అడుగుల గోతిలో, మీటరుకి ఒకటో రెండో పెద్ద పగుళ్ళుంటే, అక్కడ తేల్చాల్సింది రాయి బలం కాదు. ఆ పగులు గోతి వైపు వాలిందా, బయట పడే చోటు ఉందా, దాని ముఖం మీద గరుకెంత, మట్టెంత, నీరెంత అన్నదే. అది జారుడుబల్ల లెక్క. దానికి ప్రెస్ అక్కర్లేదు. దిక్సూచి, వాలుకొలత, ఓపిక కావాలి. అన్న మొదటి రోజు అన్న మాటలో నాకు అర్థం కాని సగం ఇదే.

ఆ కొలతలకి నేనూ వెళ్ళాను. అప్పటికి పది అడుగులు తవ్వారు. అక్కడ రాయి కొట్టే పనికి వచ్చిన ఒక వడ్డెర పెద్దాయన మమ్మల్ని వింతగా చూస్తున్నాడు. కాసేపటికి దగ్గరికొచ్చి, “ఏం బిడ్డా, ఆ గడియారంతోని ఏం కొలుస్తున్నరు?” అన్నాడు. చెప్పాం. ఆయన సమ్మెటతో తూర్పు గోడ మీద వరసగా కొట్టుకుంటూ పోయాడు. ఖణ్, ఖణ్, ఖణ్, తర్వాత ఒక చోట ‘దబ్’. “ఈడ ఖాళీ ఉంది. ఇది ఎనక బండతో లేదు, ఊకె నిలబడ్డది. దీనికి వాటం ఇటే ఉంది,” అని చెయ్యి గోతి వైపు వాల్చి చూపించాడు. అన్న అక్కడ కొలిచిన పగులు వాలు కూడా అటే. ఆయన చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే, “నా పేరు రాయకు, మేస్త్రీ ఏమన్నా అంటడు,” అన్నాడు.

రిపోర్టులో తూర్పు వైపుకి విడిగా ఒక అధ్యాయం వచ్చింది. ఆ పొరకి ఇనుప బోల్టులు, వలమీద స్ప్రే కాంక్రీట్, నీళ్ళు బయటికి రావడానికి చిల్లులు. ఒక్కసారిగా కాకుండా మెట్లు మెట్లుగా తవ్వకం. తూర్పు అంచు దగ్గర బ్లాస్టింగ్ వద్దు, వైర్‌సా తోనో బ్రేకర్‌తోనో కోయాలి. మిగతా చోట బ్లాస్టింగ్ చేసినా, గనుల భద్రతా విభాగం 1997లో పెట్టిన హద్దు పాటించాలి. ఇతరుల ఇళ్ళ దగ్గర, తక్కువ పౌనఃపున్యంలో నేల కంపన వేగం సెకనుకి 5 మిల్లీమీటర్లు దాటకూడదు. ఖర్చు పెరిగింది కాబట్టి కట్టేవాళ్ళు మూడు వారాలు లాగారు. “అంత గట్టి రాయికి బోల్టులెందుకు” అని ఒక మీటింగ్‌లో అడిగారట. అన్న కోర్ పెట్టె తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టాడట. పొడి ఉన్న పెట్టె.

మా వెనక సందులో గోడ పోయినావిడకి మాత్రం ఇవేవీ అక్కరకి రాలేదు. గోడ వాళ్ళే కట్టించారు, స్కూటీ డబ్బులు సగమే ఇచ్చారు. తులసికోట ఆవిడే కొనుక్కుంది.

నా స్క్రిప్ట్‌లో ఆ పాత లైన్ తీసేశాను. ఇప్పుడది గ్రాఫ్ గీసే ముందు ఖాళీ గడుల్ని ఎర్ర గీతలుగా, వాటి వాటి లోతుల దగ్గర చూపిస్తుంది. ఎందుకు ఖాళీయో కారణం రాయందే ముందుకు పోదు. అన్న ఆఫీసులో కుర్రాళ్ళు దీన్ని తిట్టుకుంటున్నారని తెలిసింది.

ఆ స్థలం తవ్వకం మొన్న వేసవిలో మొదలైంది. పగలంతా బ్రేకర్ చప్పుడు, వంటగదిలో బండకి వీపు ఆనిస్తే సన్నగా వణుకు తెలుస్తుంది. తూర్పు వరసలో ఒకరింట్లో పాత పగులు ఒకటి గోడ మీద ఉంటే, అన్న దాని మీద అడ్డంగా ఒక సన్నటి గాజు పలకని సిమెంటుతో అతికించి, పక్కన పెన్సిల్‌తో తేదీ రాసిపోయాడు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు చిట్లుతుంది. ఆ ఇంట్లో ఎనిమిదో క్లాసు చదివే పాప రోజూ స్కూలుకి పోయే ముందు దాన్ని చూసి నాకు మెసేజ్ పెడుతుంది. ఈ పొద్దున్న కూడా పెట్టింది, ‘అంకుల్, బానే ఉంది’ అని.